తంతిమీద నడచిన మొదటి మాట

ఒకప్పుడు మన పల్లెలలో టెలిగ్రాము వచ్చినదనగానే, దానిని విప్పి చదువక మునుపే ఇంటివారు ఏడ్పు నారంభించెడివారు. 2013 జూలైలో మన దేశమున ఆ సేవ నిలిచిపోయినది గనుక, చిన్నవారు ఈ సంగతి పెద్దల నడిగి తెలిసికొనవలెను. ఆ తంతికి రూపమిచ్చిన వారిలో ముఖ్యునికే తన యింటి మరణవార్త వేళకు అందలేదని మీరెరుగుదురా?

శామ్యూల్ మోర్సు అమెరికాలో ఒక సంఘకాపరి కుమారుడు, వృత్తిచేత చిత్రకారుడు. 1825 ఫిబ్రవరిలో అతడు వాషింగ్టనులో లఫాయెట్ సేనాని చిత్రమును వ్రాయుచుండగా, న్యూహేవెనులో భార్య లుక్రీషియా మరణించెను. తండ్రి ఉత్తరము అందగానే బయలుదేరెను గాని, ఇల్లు చేరునప్పటికే ఆమెను సమాధి చేసియుండిరి. ఈ దుఃఖమే యంత్రమును పుట్టించెనని కొందరందురు. నేనంత చెప్పజాలను. ఆ తలంపు అతనికి ఏడేండ్లకు, 1832లో, సల్లీ అను ఓడలో తోటి ప్రయాణికునితో విద్యుదయస్కాంతమును గూర్చి మాటలాడినప్పుడు కలిగెను.

పిమ్మట పండ్రెండేండ్లు గడచెను. జోసెఫ్ హెన్రీ పరిశోధనలు, ఆల్ఫ్రెడ్ వెయిల్ పనితనము లేనిదే మోర్సు పని సాగెడిది కాదు. 1843లో అమెరికా కాంగ్రెసు 30,000 డాలర్లు మంజూరు చేసెను. నేలలో పాతిన తీగెలు పనిచేయకపోగా, స్తంభములు నాటి వాషింగ్టను నుండి బాల్టిమోరుకు దాదాపు 40 మైళ్లు తంతి లాగిరి.

1844 మే 24న కాపిటల్ భవనములోని సుప్రీముకోర్టు గదిలో జనులు చూచుచుండగా మోర్సు మీటను నొక్కెను. తీగెలో విద్యుత్తు పారగానే అవతలి కొననున్న ఇనుము అయస్కాంతమై, కదలుచున్న కాగితపు పట్టీపై చుక్కలను, గీతలను నొక్కించును. పంపవలసిన మాటను ఆనీ ఎల్స్‌వర్త్ అను చిన్నది ఇచ్చెను. సంఖ్యాకాండము 23వ అధ్యాయము 23వ వచనము తెరచి చూడుడి. దానిని పలికినవాడు బిలాము, కూలికి శపింప వచ్చి దీవించిపోయినవాడు! బాల్టిమోరు నుండి వెయిల్ అవే మాటలను తిరిగి పంపెను.

మరియొక సంగతి దాచరాదు. ఈ మోర్సే 1863లో, బానిసత్వము లేఖనసమ్మతమని వాదించుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. వాక్యమును తంతిమీద పంపిన చేయియే దీనిని కూడ వ్రాసెను. నాకిది మ్రింగుడుపడదు.

ఆనాటి కాగితపు పట్టీ వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయములో భద్రపరచబడియున్నది. శుక్రవారము, ఉదయము 8 గంటల 45 నిమిషములు అని మోర్సు దానిపై స్వహస్తముతో వ్రాసియుంచెను.