కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం

విశాఖపట్నం దగ్గరి కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు సాగే బ్రాడ్‌గేజ్ మార్గం. వాడుకలో కేకే లైను. కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960ల్లో వేశారు. అరకు చేరడానికే ఈ మార్గంలో రైలెక్కేవారు ఎక్కువ గానీ, ఈ దారి అసలు విలువ నడుమనున్న చిన్న స్టేషన్లలో ఉంది. బరువైన గూడ్సు బండ్ల కోసం వాలు తగ్గించాల్సి రావడంతో పట్టాలు కొండలను చుట్టుకుంటూ, 50కి పైగా సొరంగాలు దూరి, రోడ్డు తాకని లోయల అంచునే సాగుతాయి. సిమిలిగుడ స్టేషన్‌లో పసుపు పలక మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది: దాదాపు 996 మీటర్లు.

ప్రయాణికుల బండ్లు తక్కువ, రోడ్డు మీదైతే త్వరగా చేరవచ్చు అన్న అభ్యంతరం నిజమే. అయితే రోడ్డు మనిషిని నేరుగా అరకు హోటళ్ల ముందు దించుతుంది. బొర్రా గుహల స్టేషన్‌లో దిగితే గుహలతో పాటు సిల్వర్‌ఓక్ నీడన కాఫీ మొక్కలు, ఆ మానులకు అల్లుకున్న మిరియపు తీగలు కనబడతాయి. శీతాకాలం మొదట్లో అరకు లోయలో వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి. వానాకాలంలో మాత్రం కొండచరియలు విరిగిపడి బండ్లు ఆగిపోవడం కద్దు.