సూదంటురాయియు మనస్సును

అయస్కాంతమును మనవారు సూదంటురాయి యందురు. సూదిని అంటించుకొను రాయి గనుక ఆ పేరు. సంస్కృతకవుల యూహ ఇంతకంటె దూరము పోయినది. కుమారసంభవమున బ్రహ్మ దేవతలను జూచి, తపోనిశ్చలమైన శివుని మనస్సును ఉమాదేవి సౌందర్యముచేత, ఇనుమును అయస్కాంతముచేత వలె, లాగ యత్నింపుడని చెప్పును. కాళిదాసునకు అది యుపమానము మాత్రమే. ఆ యుపమానమును నిజముగా నమ్మి, చెడిన మనస్సును రాతితో లాగి త్రోవకు తేబూనిన వారి కథ వియన్నా నగరమున నారంభమైనది.

1774లో ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ అను వైద్యుడు, మాక్సిమిలియన్ హెల్ అను జెసూట్ మతాచార్యుడు సమకూర్చిన ఉక్కు అయస్కాంతములను వ్యాధిగ్రస్తయైన యొక యువతి శరీరమున తగిలించి, ఆమె నెమ్మదించుట చూచి పరవశుడయ్యెను. కొలది కాలమునకే ఆ గుణము ఇనుమునది కాదనియు, తన దేహమునుండి ప్రవహించు సూక్ష్మద్రవ్యమునదనియు నిశ్చయించుకొని, 1778లో పారిస్ చేరి, ఒక పెద్ద కొయ్యతొట్టి చుట్టును సంపన్నులను కూర్చుండబెట్టి చికిత్స సాగించెను. ఊరంతయు ఆ తొట్టి చుట్టే తిరుగుచుండగా, 1784లో పదునారవ లూయీ రాజు ఈ విద్య నిగ్గు తేల్చుటకు పండితసంఘమును నియమించెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్, బాయీ, వైద్యుడు గియోటిన్ అందు సభ్యులు. (ఆ గియోటిన్ పేరనే వెలసిన శిరశ్ఛేదయంత్రమునకు, సుమారు పదేండ్లకే, ప్రక్కన కూర్చున్న బాయీయు లావోయిజరును బలియగుట వేరు కథ.)

పాసీ గ్రామమున ఫ్రాంక్లిన్ తోటలో జరిగిన పరీక్ష వినదగినది. మెస్మర్ శిష్యుడైన డెస్లాన్ ఒక ఆప్రికాట్ చెట్టునకు తన శక్తిని పట్టించెను. పండ్రెండేండ్ల బాలుని కన్నులకు గంతలు కట్టి, ఒక్కొక్క చెట్టు కడకు గొనిపోయిరి. మొదటి చెట్టు కడనే బాలునకు చెమటలు పట్టెను. రానురాను బాధ యెక్కువయ్యెను. నాల్గవ చెట్టు కడ స్మృతి తప్పి పడిపోయెను. శక్తి పట్టించిన చెట్టో, ఇంకను దూరముననే యున్నది! ఇదంతయు ఊహాబలమే యని సంఘము తీర్పు చెప్పెను. నా తలంపున ఆ తీర్పుకంటె ఆ గంతగుడ్డయే యెక్కువ విలువైనది. తరువాతి కథలో అయస్కాంతము ఎన్ని రూపములు దాల్చినను, దాని యోగ్యతను తేల్చినది ఆ గుడ్డయే.

మెదడును నిజముగా తాకగల అయస్కాంతము పుట్టుటకు మాత్రము చాలకాలము పట్టినది. మారుచున్న అయస్కాంతక్షేత్రము చెంతనున్న తీగలో విద్యుత్తును పుట్టించునని మైకేల్ ఫారడే 1831లో లండనున చూపెను. 1896లో పారిస్ నగరమున దార్సొన్వాల్, పెద్ద తీగచుట్టలో తల నుంచినవారికి కన్నులయెదుట మెరుపులు కనబడునని ప్రకటించెను. 1902లో వియన్నాలోనే పొల్లాచెక్, బేర్ అను నిరువురు ఇట్టి యంత్రముతో మనోవ్యాధులను కుదుర్తుమని పేటెంటు కోరిరి. ఆ యంత్రములకు బలము చాలలేదు. తుదకు 1985లో ఇంగ్లండునందలి షెఫీల్డ్ నగరమున ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులును తలపై నుంచిన తీగచుట్టలోనికి తీవ్రమైన విద్యుత్తును లిప్తకాలము పంపగా, మనిషి తలపెట్టకయే అతని చేతికండర మదరినది. తలపై నేరుగా పంపిన విద్యుత్తునకు కపాలాస్థి అడ్డుపడును, చర్మము మండును. అయస్కాంతక్షేత్రమునకు ఎముక అడ్డు కాదు. అది లోపలికి చొచ్చి, అక్కడనే చిన్న విద్యుత్ప్రవాహమును పుట్టించును.

ఇక వ్యాధి సంగతి. ఉన్మాదమును విషాదమును ఒకే రోగమునకు రెండు ముఖములని 1854లో పారిస్ నగరమున ఫాల్రే, బయార్జే అను వైద్యులిరువురు వేర్వేరుగా చెప్పి, ముందు చెప్పినది నేనన్న నేనని కలహించిరి. దానినే నేడు బైపోలార్ వ్యాధి యందురు. పోటెత్తుటయు తీయుటయు దీని స్వభావము. పోటు తానై తీయుచున్న దినమున ఏ మందు వేసినను ఆ మందే గొప్పదనిపించును. కావున గంతగుడ్డ ఇచ్చట మరింత యవసరము. ఈ కాలమున ఆ గుడ్డ పేరు ఉత్తుత్తి చికిత్స: టకటక చప్పుడు వినబడును, తలపై తీగచుట్ట యుండును, లోనికి బలము మాత్రము పోదు.

1995లో అమెరికాలో మార్క్ జార్జ్ బృందము బార్కర్ తీగచుట్ట వంటిదానితో విషాదరోగులకు (డిప్రెషన్ రోగులకు) ఎడమ నొసటి వెనుక మెదడును ప్రేరేపించి మేలు కనెను. ఉన్మాదమునకు కుడివైపు తగునేమో యని ఇజ్రాయెల్ దేశమున బీర్షెబా వైద్యులు తలచి, 1998లో పదునార్గురిపై పరీక్షించి, కుడిప్రక్కనే గుణ మధికమని వ్రాసిరి. 2003లో అదే బృందము ఉత్తుత్తి చికిత్సతో సరిపోల్చి, తేడా కనబడలేదని తామే ఒప్పుకొనెను. తమ మాటను తామే త్రోసిపుచ్చుకొన్న ఆ నిజాయితీ మెస్మర్ కెన్నడును లేదు. మరల 2009లో మన దేశమున రాంచీలోని కేంద్రీయ మనోవైద్యసంస్థవారు 41 మంది ఉన్మాదరోగులపై, ఉత్తుత్తి చికిత్సతో పోల్చియే, కుడిప్రక్క ప్రేరణకు గుణము కనిరి. వ్యాజ్య మింకను తెగలేదు.

అన్నిటికంటె చిత్రమైనది బోస్టన్ చెంత మెక్‌లీన్ ఆసుపత్రి వృత్తాంతము. అచ్చటివారు చికిత్స తలపెట్టనే లేదు. రోగుల మెదడులోని రసాయనములను కొలుచుటకు ఒక విధమైన ఎం.ఆర్.ఐ. చిత్రములు తీయుచుండిరి. దిగులుతో లోనికి పోయినవారు నవ్వుచు వెలికి వచ్చుట కనిపెట్టి, వెంటనే గంతగుడ్డను స్మరించిరి. 2004లో ప్రకటించిన లెక్క యిది: నిజమైన స్కాను పొందిన బైపోలార్ రోగులు ముప్పదిమందిలో 23 మందికి మనస్సు తేలికపడెను, ఉత్తుత్తి స్కాను పొందిన పదిమందిలో ముగ్గురికి. బార్కర్ తీగచుట్ట బలముతో పోల్చినచో ఈ క్షేత్రము అత్యల్పము. దీనికై ప్రత్యేకయంత్రము కట్టిరి. కాని మందులకు లొంగని డిప్రెషన్ రోగులపై పలు కేంద్రములలో జరిపి 2018లో వెలువరించిన పరీక్షలో, నిజయంత్రమునకు ఉత్తుత్తి యంత్రముకంటె ఆధిక్యము కనబడలేదు.

అమెరికా ప్రభుత్వము 2008లో బార్కర్ జాతి యంత్రమును డిప్రెషన్ చికిత్సకు అనుమతించెను. బైపోలార్ విషాదమునకు 2020లో ఒక యంత్రమునకు దొరకినది పరిశీలనను త్వరపెట్టు గుర్తింపు మాత్రమే, అనుమతి కాదు. కావున మీ యింట ఈ వ్యాధిగ్రస్తు లెవరైన నున్నచో, అయస్కాంతచికిత్స మాట చెవిని పడినంతనే వాడుచున్న లిథియము మందును మాన్పింపకుడు; తలలో లోహపు ముక్క గాని, చెవిలో అమర్చిన యంత్రము గాని, మునుపు మూర్ఛ వచ్చుట గాని యున్నచో వైద్యునికి ముందే చెప్పుడు.