ఆటపాకలో మరమ్మతు ఎక్కడ మొదలవ్వాలి?

1999 అక్టోబరులో కొల్లేటి సరస్సును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. ఈ పాతికేళ్లలో కైకలూరు పక్కనున్న ఆటపాకకు పక్షుల మ్యూజియం, బోటు షికారు, పక్షులను చూసే మంచె వచ్చాయి. 2022లో ఆటపాక కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. రజతోత్సవం వచ్చింది కనుక పాత భవనాలకు రంగులు వేయాలని, సందర్శకులకు కొత్త వసతులు కట్టాలని అనుకోవడంలో తప్పులేదు. కాకపోతే, అభయారణ్యానికి అసలు కట్టడం ఏదో తేల్చుకోకుండా అంచనాలు తయారుచేస్తే, డబ్బంతా చూసేవాళ్లు నిలబడే గట్టు మీదే ఖర్చయిపోతుంది. ఆటపాకలో అసలు కట్టడం చెరువు: దాని కట్ట, తూము, నీటిమట్టం, నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. మరమ్మతు అక్కడ మొదలవ్వాలన్నదే నా వాదన.

ఇందుకు ఈ ప్రాంత చరిత్రే సాక్ష్యం. తాడేపల్లిగూడెం దగ్గరి ఆరేడులో 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ గూడబాతుల స్థావరాన్ని గుర్తించేనాటికి అక్కడ దాదాపు 3000 పక్షులు ఉండేవి. టికెట్టు లేదు, మంచె లేదు, బోర్డు లేదు. పక్షులకు కావలసిన చెట్లూ, చేరువలో చేపలున్న నీళ్లూ ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయింది. దానికి ఒకే ఒక్క కారణం చూపించడం తొందరపాటే గానీ, ఆ దశాబ్దంలోనే కొల్లేరు చేపల చెరువులుగా ముక్కలవడం మొదలైందన్నది మరచిపోదగ్గ విషయం కాదు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత గూడబాతులు పెద్ద ఎత్తున గూళ్లు పెట్టుకున్న ఆటపాక కూడా మనిషి తవ్విన చెరువే. నిలవనీటికీ రెట్టకూ చెట్లు చచ్చిపోతే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. పక్షులు వాటినే చెట్లనుకుని పుల్లలు పేర్చుకున్నాయి. భవనాలు లేకపోయినా ఆరేడుకు పక్షులు వచ్చాయి. ఆటపాకలో ఆ స్టాండ్లు తుప్పుపట్టి ఒరిగిపోతే మాత్రం, మ్యూజియం ఎంత చల్లగా ఉన్నా బయట చూడడానికి ఏమీ మిగలదు.

నీటిమట్టం సంగతి ఇంకా ముఖ్యం. గూడు కింద నీళ్లున్నంత కాలమే కుక్కలు, నక్కలు, మనుషులు దాని దరిదాపులకు రాలేరు. కట్ట కోసుకుపోయినా, తూము పనిచేయక నీరు దిగిపోయినా స్టాండు దాకా కాలిబాట పడుతుంది. పని ఎప్పుడు చేస్తారన్నది మరో చిక్కు. గూళ్లు పెట్టే కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా సాగుతుంది. ఆర్థిక సంవత్సరం కూడా మార్చితోనే ముగుస్తుంది కాబట్టి, మిగిలిన నిధులు ఖర్చుపెట్టే హడావిడి పిల్లలు ఇంకా గూటిలో ఉండగానే మొదలవుతుంది (మన కార్యాలయాల క్యాలెండరు గూడబాతులను అడిగి రాసింది కాదు). ఏప్రిల్‌కు, తొలకరికి మధ్య దొరికే ఎండకాలమే కట్ట పనికీ, స్టాండ్ల పనికీ తగిన అదను. అప్పటికి సామగ్రి గట్టు మీద ఉండాలంటే టెండర్లు శీతకాలంలోనే ముగియాలి.

సందర్శకులు రాకపోతే నిధులూ రావు, ఊరివాళ్లకు నాలుగు డబ్బులూ రావు అన్నది బలమైన అభ్యంతరం. నిజమే, మరుగుదొడ్లు, తాగునీరు, నీడ, వృద్ధులు ఎక్కగల మెట్లు విలాసాలు కావు. ఆడవాళ్లూ పిల్లలూ వచ్చే చోట అవి లేకపోవడం సిగ్గుచేటు. కానీ జనం వచ్చేది గూడబాతుల కోసం. ఏసీ గదులు ఏలూరులో బోలెడున్నాయి. బోటు ఎంత దూరంలో ఆగాలో గీత గీసి, గూళ్ల కాలంలో దాన్ని పాటిస్తే వచ్చే ఏడాదికీ సందర్శకులుంటారు. రెండో అభ్యంతరం పర్యావరణవాదులది: చేపల చెరువులో ఇనుప స్టాండ్లు నిలబెట్టి దాన్ని సంరక్షణ అనడమేమిటి, సరస్సునే బాగుచేయాలి కదా అని. దీన్ని కొట్టిపారేయలేను. తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి సాఫీగా చేరనంత కాలం కొల్లేటికి పూర్తి ఆరోగ్యం రాదు. పైగా 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టిన తర్వాత, 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. దీన్ని పరిశీలించడానికి కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. ఇలాంటి వివాదం తేలేదాకా గూడబాతులు గూడు వాయిదా వేసుకోలేవు. స్టాండ్లు సరస్సుకు ప్రత్యామ్నాయం కావు, సరస్సు తిరిగి వచ్చేదాకా ఆసరా.

ఇక మ్యూజియం. గాజు అద్దాల వెనక పక్షి బొమ్మలు ఎన్ని పెట్టినా, ఐదో కాంటూరు ఏ ఊళ్ల మీదుగా పోతుందో చూపే పటం గోడ మీద లేకపోతే కొల్లేరు అర్థం కాదు. ఆరేడు స్థావరం సంగతి ఆ గోడ మీద ఉండాలి. 2006 కూల్చివేతలూ ఉండాలి. ఆనాడు చెరువులు పోగొట్టుకున్న లంక గ్రామాల మత్స్యకారులు చెప్పే మాట, అధికారులు చెప్పే మాట పక్కపక్కనే ఉండాలి. దీనికి పెద్ద భవనం అక్కర్లేదు, ఉన్న గదులు చాలు.