వన్స్‌మోర్ ఇంటికొచ్చిన కాలం

నెలనెలా డబ్బు కట్టి వినే యాప్‌లు వదిలేసి, తమ పాటలు తామే కొనుక్కుని దాచుకుంటున్న వాళ్లను చూసి, ఇదంతా పాతకాలపు మోజు అనేవాళ్లున్నారు. గోదావరి జిల్లాల్లో పద్యం ఎలా బతికిందో చూస్తే ఆ మాట నిలవదు. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి కలిసి రాసిన పాండవోద్యోగ విజయాలు నాటకాల పద్యాలను నటుడు రాగం తీసి పాడితే, జనం వన్స్‌మోర్ అని కేకలేసేవారు. ఎన్నిసార్లు పాడించుకున్నా, తెల్లారేసరికి ఆ గొంతు మరో ఊరికి వెళ్లిపోయేది. దాన్ని ఇంట్లో నిలిపింది గ్రామఫోను. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి పాటలు రికార్డు చేశాడు. 1908లో అక్కడే సియాల్దాలో ప్లేట్లు అచ్చువేసే ఫ్యాక్టరీ వెలిసింది. తర్వాత తెలుగు నాటక పద్యాలూ ప్లేట్లెక్కాయి. లక్క, రాతిపొడి కలిపి చేసిన ఆ పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పలికేది. పందిట్లో ఎంతసేపైనా సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో ఇమడ్చాలి. వినేవాడికీ పని ఉండేది: కీ తిప్పాలి, ముల్లు మార్చాలి, ఒక వైపు అవగానే లేచి తిరగెయ్యాలి. అంత చేసి విన్న పద్యం నోటికి రాకుండా ఎలా ఉంటుంది?

అది కలిగినవాళ్ల వేడుక కదా అంటారు. నిజమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి మీద మిగులు చూసిన ఇళ్లకే మొదట గ్రామఫోను అందింది. కానీ పాటకు గోడలు అడ్డం కాదు. అరుగు మీద ప్లేటు పెడితే వీధంతా వినేది. పెళ్లికీ తీర్థానికీ మైకుసెట్టు వచ్చాక ఊరంతా వింది. 1980లలో కేసెట్టు ఆ తేడాను ఇంకా తగ్గించింది. చీటీ మీద పాటల పేర్లు వరసగా రాసి, ఖాళీ కేసెట్టుతో రికార్డింగు షాపులో ఇచ్చేవారు. అరవై నిమిషాలదా, తొంభై నిమిషాలదా అని లెక్క చూసుకుని, చివర మిగిలిన రెండు నిమిషాల్లో ఏ పాట పడుతుందో ఆలోచించి రాసిన చీటీ అది. ఆ ఎంపిక పూర్తిగా వాళ్లది.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, దాచుకోవడం ఎందుకన్నది గట్టి ప్రశ్నే. దానికి ఈమధ్య జరిగినవే జవాబు. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫై నుంచి తీసేశారు. 2024 జనవరి 31న పాటల యాప్ రెస్సో మన దేశంలో ఆగిపోయింది; అదే ఏడాది అలాంటిదే అయిన వింక్ మూతపడుతుందని ప్రకటించారు. ఇక్కడ విన్నవాడి ఇష్టంతో పనిలేదు, ఒప్పందం తెగితే పాట పోతుంది. పాత పద్యాల సంగతి ఇంకోలా నడిచింది. గిరాకీ పోయాక కంపెనీలు మళ్లీ అచ్చువేయని ప్లేట్లను చెన్నైలో వి.ఎ.కె. రంగారావు లాంటివారు సొంత ఖర్చుతో వేలకొద్దీ సేకరించారు. ఇవాళ నెట్‌లో వినబడే పాత నాటక పద్యాల్లో ఎన్నో అలాంటి సేకరణల్లోంచి వచ్చినవే.

ఇంట్లో దాచినవి మాత్రం భద్రమా అంటే, కాదు. ప్లేటు చెయ్యి జారితే ముక్కలే. డెల్టా చెమ్మకు కేసెట్టు టేపు మీద బూజు పట్టేది. 1986 వరద, 1996 కోనసీమ తుపాను ఎన్ని ఇళ్ల సామాన్లు నీళ్లపాలు చేశాయో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. అందుకే ఒక్క బీరువాను నమ్ముకోకూడదు. ప్రతి ప్లేటునూ ఫైలు చేసి నాలుగిళ్లలో ఉంచాలి. చట్టం కూడా అడ్డు రాదు. ధ్వనిముద్రణ మీద హక్కు 60 ఏళ్లే, కాబట్టి ఆ తొలినాళ్ల ప్లేట్లకు గడువు తీరిపోయింది. చెళ్లపిళ్ల 1950లో కన్నుమూశారు గనుక పద్యాల మీద హక్కుకూ కాలం చెల్లింది. ఫైలు చేసేటప్పుడు ప్లేటు మధ్యనున్న కాగితం మీది నటుడి పేరు, నాటకం పేరు, నంబరు చూసి ఫైలు పేరులోనే రాయాలి. ఆ కాగితం ఊడిపోతే గొంతు ఎవరిదో చెప్పేవాళ్లు ఇప్పటికే తక్కువ.