మొలలు: నొప్పి లేదని ఉపేక్షించరాదు

రాయచోటి: మలవిసర్జన సమయంలో నెత్తురు కనిపిస్తే ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగో, సబ్జా నీళ్లో తాగి ఊరకుండటం ఈ ప్రాంతంలో పరిపాటి. వేసవిలో ఎండలు 40 డిగ్రీలు దాటే మెట్టసీమ కావడంతో ఆ మాట నిజమేననిపిస్తుంది. తరచుగా దీనికి అసలు కారణం లోపలి మొలలు.

మలద్వారం లోపల మెత్తని దిండ్ల వంటి రక్తనాళాల కణజాలం ప్రతి ఒక్కరికీ ఉంటుంది. అది ఉబ్బి కిందికి జారితే మొలలంటారు. ఆ భాగంలో నొప్పిని తెలిపే నరాలు లేనందున సాధారణంగా బాధ ఉండదు. ఎర్రని నెత్తురు చుక్కలుగా పడటమే తొలి గుర్తు. కోసినట్లు నొప్పి పుడితే అది చీలిక కావచ్చు. వ్యాధిని నాలుగు దశలుగా విభజిస్తారు. రెండో దశలో బయటికి వచ్చిన మొలలు వాటంతట అవే లోపలికి పోతాయి. మూడో దశలో వేలితో నెట్టాలి. నాలుగో దశలో నెట్టినా పోవు.

మలబద్ధకం, ముక్కడం, గర్భధారణ, గంటల తరబడి కూర్చోవడం ప్రధాన కారణాలు. మరుగుదొడ్డి అందుబాటులో లేక చీకటి పడేదాకా ఆపుకునే మహిళలకు, నీళ్లు తక్కువగా తాగే డ్రైవర్లకు ముప్పు అధికం. ఆహారంలో మార్పు కూడా తక్కువదేమీ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు కాగా, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. సంగటిని వదిలి మూడు పూటలా తెల్లన్నానికి అలవాటుపడిన ఇళ్లు ఈ తేడాను గమనించాలి. తొలి దశల్లో పీచు, నీరు, గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చోవడంతోనే చాలామందికి ఉపశమనం లభిస్తుంది.

పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్‌లోనూ నొప్పి లేకుండానే నెత్తురు పడవచ్చు. అందుచేత తొలిసారి నెత్తురు కనిపించినా, వారం దాటినా వైద్యుని సంప్రదించాలి. నలభై దాటినవారు, రక్తసంబంధీకుల్లో పేగు క్యాన్సర్ ఉన్నవారు ఏమాత్రం జాప్యం చేయరాదు. మలం నల్లగా రావడం, విసర్జన అలవాటు మారడం, బరువు తగ్గడం, ఆయాసం కూడా ప్రమాద సూచికలే. నెత్తురు ధారగా పోతున్నా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చేయాలి.

సిగ్గుతో పలువురు గోడరాతలు చూసి అర్హత లేనివారి వద్ద సూదిమందు వేయించుకుంటున్నారు. అది పుండ్లకు, మలద్వారం కుంచించుకుపోవడానికి దారితీయవచ్చు. వైద్యుడు చేసే పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. రబ్బరు బ్యాండు చికిత్సకు సాధారణంగా ఆసుపత్రిలో చేరనవసరం లేదు. మహిళలు కోరితే పరీక్ష సమయంలో నర్సు పక్కనే ఉంటారు.