సీడీలో లేని పాట పేరు

రాజోలు తాలూకా శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీ సీడీని సిస్టంలోకి ఎక్కించబోతే, తెర మీద కనిపించేది ‘ట్రాక్ 01, ట్రాక్ 02’. రాగమూ ఉండదు, ఆయన పేరూ ఉండదు. 1980లో ఫిలిప్స్, సోనీ కలిసి రాసుకున్న రెడ్ బుక్ ప్రమాణం సెకనుకు 44,100 నమూనాల చొప్పున ధ్వనిని దాచింది గానీ పాట పేరును పట్టించుకోలేదు. 1996లో సీడీ-టెక్స్ట్ వచ్చినా దాన్ని వాడిన కంపెనీలు తక్కువ.

ఆ లోటు తీర్చింది శ్రోతలే. 1993లో టీ కాన్ తన ఎక్స్‌ఎంసీడీ ప్లేయర్ కోసం సీడీడీబీ మొదలుపెట్టాడు. డిస్కులో పాటలెన్ని, ఏది ఎక్కడ మొదలవుతుంది అన్న లెక్కను బట్టి డిస్కును గుర్తుపట్టి, ఎవరో టైపు చేసి ఉంచిన పేర్లు తెచ్చిపెట్టేది. పైసా ఆశించకుండా జనం చేసిన ఆ చాకిరీ చివరికి గ్రేస్‌నోట్ అనే కంపెనీ సొత్తయింది. చట్టం ఏమన్నా నాకది అన్యాయంగానే తోస్తుంది. దానికి పోటీగా నిలిచిన ఫ్రీడీబీ 2020లో మూతపడింది. 2000లో రాబర్ట్ కే మొదలుపెట్టిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ మాత్రం నేటికీ అందరిదిగానే ఉంది.

చదవడంలోనూ చిక్కుంది. ఆడియో సీడీలో సెకనుకు 75 సెక్టార్లు. అడిగిన చోటికి కచ్చితంగా వెళ్లలేక చాలా పాత డ్రైవులు కాస్త అటూ ఇటూగా చదివేవి. ఆ ముక్కలు అతికిన చోట ‘టక్’మంటుంది, తంబురా శ్రుతి మీద అది ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకే లినక్స్‌లో సీడీపారనోయా అనే ప్రోగ్రాము ఒక ముక్క కొసను తరవాతి ముక్కతో కలిపి మళ్లీ చదివి సరిపోల్చుతుంది. విండోస్‌లో ఆండ్రే వీథాఫ్ రాసిన ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ప్రతి సెక్టారునూ కనీసం రెండుసార్లు చదువుతుంది. ఇది ఉచితమే గానీ, సోర్స్ కోడ్ బయటపెట్టలేదు.

ఇక ట్యాగు, అంటే ఫైలులోనే రాసిపెట్టుకునే పాట వివరాలు. ఎంపీ3 ఫైళ్లకు వాడే ట్యాగు ఐడీ3. 1996 నాటి దాని రూపంలో పాట పేరుకు 30 అక్షరాలు, అవీ ఇంగ్లీషు లిపికే. తరవాతి ఐడీ3 రూపాల్లో యూనికోడ్ వచ్చాక తెలుగుకు చోటు దొరికింది. 2001లో తొలి పూర్తి రూపం అందుకున్న ఫ్లాక్ అనే ఆడియో ఫార్మాట్ ఇంకో మెట్టు పైన: ధ్వనిలో ఇసుమంతైనా పోదు, రాగం, తాళం అంటూ మనకు కావలసిన గడులు మనమే చేర్చుకోవచ్చు. బాలమురళి విషయంలో ఈ వెసులుబాటు తప్పనిసరి. ఆయన తిల్లానాలకు గాయకుడూ, వాగ్గేయకారుడూ ఆయనే. ఇంగ్లీషులో ఆయన పేరు రకరకాలుగా రాస్తారు కనుక ఒకే మనిషి నాలుగు ఫోల్డర్లలో చెల్లాచెదురవుతాడు.

2011లో బార్సిలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం చేపట్టిన కాంప్‌మ్యూజిక్ పరిశోధన, కర్ణాటక సంగీత వివరాలను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లోకి ఎక్కించింది. అక్కడిప్పుడు కృతికి రాగతాళాలు రాసే వీలుంది. అందుకే ట్యాగులకు నేను మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్ ప్రోగ్రామునే ఎంచుకుంటాను. అమలాపురంలోనో కొత్తపేటలోనో కొన్న భక్తిగీతాల సీడీ మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో దొరక్కపోతే, కవరు చూసి మనమే చేర్చాలి, వయొలిన్, మృదంగం వాయించినవాళ్ల పేర్లతో సహా.