ఆటల బడికి తండా దారి

గోరంట్ల చుట్టుపక్కల మా ఇళ్లల్లో 'హాస్టల్' అనే మాటకు రెండు చరిత్రలున్నాయి. ఈ వ్యాసం రాస్తున్న మాలో సుగాలీలున్నాం, ఎరుకలవాళ్లమూ ఉన్నాం. సుగాలి తండాలో హాస్టల్ అంటే మూడు పూటలా అన్నం, ఒక రేకు పెట్టె, పండక్కి ఇంటికి రావడం. ఎరుకల ముసలివాళ్ల దగ్గర ఆ మాటెత్తితే మాత్రం ముందు గుర్తొచ్చేది సెటిల్‌మెంటు. బాగా పరుగెత్తే పిల్లనో పిల్లాణ్నో ఆటల బడికి పంపుదామా అని ఇవాళ ఏ ఇంట్లో మాట వచ్చినా ఈ రెండు జ్ఞాపకాలూ పక్కనే కూర్చుని వింటుంటాయి.

తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. అనంతపురం జిల్లా అప్పుడు అందులోదే. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం ఆ 1911 చట్టంలో ఉంది. స్టువర్టుపురం, కావలి సెటిల్‌మెంట్లు ఆ కాలానివే. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. కాగితం మీద పోయినంత తొందరగా మనసులోంచి పోలేదు. ఆ బడి మమ్మల్ని అడగకుండా తీసుకుపోయింది. ఇవాళ్టి బడికి మేమే అర్జీ పట్టుకుని వెళుతున్నాం, తేదీ దాటిపోతే బతిమాలుతున్నాం. ఈ తేడా చిన్నది కాదు. అయినా మా పెద్దవాళ్ల అనుమానాన్ని అజ్ఞానం అనేవాళ్లతో మేము ఏకీభవించం.

ఇలాంటి అనుమానం అమెరికా ఆదివాసీలకూ ఉంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో 1879లో ఒక సైనికాధికారి వాళ్ల పిల్లల కోసం బడి పెట్టాడు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ బడిలోనే జిమ్ థోర్ప్ ఆటగాడయ్యాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. అంతకుముందు కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని మరుసటి ఏడాదే ఆ పతకాలు లాగేసుకున్నారు. ఆ రెండు పోటీల్లో ఏకైక విజేత ఆయనేనని ఒలింపిక్ సంఘం ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి 69 ఏళ్లు. బడి పతకం దాకా తీసుకెళ్లగలదు, భాషనూ పేరునూ తీసేసుకోగలదు. రెండూ ఒకే చోట జరిగాయి.

మన దేశంలో ముండా బిడ్డ జైపాల్ సింగ్ రాంచీ మిషన్ బడిలో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. 1928లో ఒలింపిక్ హాకీలో భారత్‌కు తొలి స్వర్ణం తెచ్చిన జట్టుకు నాయకుడు ఆయనే. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల తరఫున మాట్లాడాడు. ఆయన తన జాతిని మరవలేదు కాబట్టే మేము ఆయన పేరు తలుస్తున్నాం.

మా కాళ్లకూ చరిత్ర ఉంది. సుగాలీల పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కను అంతా తిరిగారు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కారన్‌వాలీసు సైన్యానికి గింజలు మోసింది బంజారాలే. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది, నడక మాత్రం మిగిలింది. బోరు ఎండిన ఏడాది బిందె పట్టుకుని పొలాలకు అడ్డంపడి పోయే పిల్లలు, మేకల వెంట గుట్టెక్కే పిల్లలు పరుగు కోసం పరుగు నేర్వరు. ఇన్నాళ్లూ మా తండాల్లో ఆ పరుగుకు తెలిసిన గమ్యం సైన్యం, పోలీసు. 1600 మీటర్ల పరీక్ష కోసం తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 2025 మే 9న జమ్మూ కశ్మీర్ సరిహద్దులో ప్రాణం ఇచ్చిన అగ్నివీర్ మురళీనాయక్ మా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డే.

ఆటనే చదువుగా చేసుకునే దారి మా దాకా ఆలస్యంగా వచ్చింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది తాడికొండలోనూ, మాకు దగ్గరి కొడిగెనహళ్లిలోనూ గురుకులాలు వచ్చాయి. అక్కడ సీటుకు రాత పరీక్షే కొలత. తర్వాత లేపాక్షికి నవోదయ వచ్చింది, దానికీ అంతే. కాళ్లతో పరీక్ష పెట్టే సర్కారు బడి 1993లో హైదరాబాదు దగ్గర హకీంపేటలో తెరిచారు, రాయలసీమకు 2006లో కడపలో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక హకీంపేట తెలంగాణకు పోయింది కాబట్టి మాకు మిగిలింది కడపే.

ఈ బడుల్లోకి ప్రధానంగా 4వ తరగతిలోనే తీసుకుంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, అటూ ఇటూ తిరిగే షటిల్ పరుగు, నిలబడినచోటి నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచడం. మా పిల్లలు 800 మీటర్లలో వెనకబడరు. చిక్కు ఎత్తు, బరువుల దగ్గర వస్తుంది. శనక్కాయ పంట పోయిన ఇంట్లో రాగి సంగటి మీద పెరిగిన పిల్ల ఎముకలు ఎంత గట్టివైనా తక్కెడకు అది తెలియదు. బరువు కూడా ప్రతిభేనా అని అడగాల్సిన వాళ్లను అడిగాం, నవ్వారు. ఇంకో చిక్కు కాలం. ఎంపికలు ఎక్కువగా వేసవి చివర, బడులు తెరిచే రోజుల్లో జరుగుతాయి. అప్పటికి అమ్మానాన్నలతో బెంగుళూరు పనులకు పోయిన పిల్లలు అక్కడి రేకుల షెడ్లలోనే ఉంటారు. 4వ తరగతి దాటిపోయిందంటే ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే.

ఏకలవ్య బడుల్లో ఆటల్లో రాణించిన గిరిజన పిల్లలకు 20 శాతం సీట్లు ఉంచుతామని 2018లో కేంద్రం చెప్పింది. చదివి సంతోషించాం, పక్క వాక్యం చదివాక ఆగిపోయాం. జనాభాలో సగానికి మించి గిరిజనులు, కనీసం 20,000 మంది గిరిజనులు ఉన్న బ్లాకులకే ఆ కొత్త బడులు. కరువు సీమలో మా తండాలు ఒకచోట గుంపుగా లేవు, గుట్టకొకటిగా ఉన్నాయి. ఏ మండలం లెక్కలోనూ మేము సగం కాము.

అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ నడిపే క్రీడా గ్రామం ఉంది, అక్కడే 2010లో నాదల్ పేరుతో టెన్నిస్ బడి పెట్టారు. ఇక సాంఘిక సంక్షేమ గురుకులం ఏం చేయగలదో 2014 మే 25న చూశాం. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, మా లంబాడీ పిల్ల, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆమెను ఎంచింది ఆటల బడి కాదు, మామూలు గురుకులం. అందుకే కడపలో సీటు రాకపోతే అంతా అయిపోయిందని మేము ఎవరికీ చెప్పం. 5వ తరగతికి గురుకులం, 6వ తరగతికి నవోదయ ఉన్నాయి. అక్కడ అడగాల్సింది ఒక్కటే: మైదానం ఉందా, దాని మీద నిలబడే పీఈటీ ఉన్నాడా? గోడ మీది పతకాల పటాల కంటే సాయంత్రం ఐదింటికి పిల్లలు ఎక్కడున్నారో చూసి రావడం మేలు.

కాగితాల దగ్గర పడే పాట్లు చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. బెంగుళూరులో పుట్టిన పిల్లకు పుట్టిన తేదీ పత్రం అక్కడిది, కుల పత్రం గోరంట్లది, ఆధార్‌లో ఇంటిపేరు ఒకటి, బడి రిజిస్టర్‌లో మరొకటి. ఉగాదికి ముందే ఇవి సరిచేసుకోకపోతే జూన్‌లో ఏ కాళ్లూ పనికిరావు.

మేము ఎరిగిన ఒక తండాలో ఒక పిల్ల మండల స్థాయి ఎంపికలో నెగ్గింది. వాళ్లమ్మ మమ్మల్ని రెండే అడిగింది. "అన్నా, ఆదివారం ఫోన్ ఇస్తారా? జడ కత్తిరిస్తారా?" ఫోన్లో గోర్ బోలీలోనే మాట్లాడుకోవాలని ఆమె ఆశ. కార్లైల్ సంగతి ఆమెకు తెలియదు, మేమూ చెప్పలేదు. బడికి ఫోన్ చేసి అడిగాం. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ ఇస్తామన్నారు. జడ సంగతి వచ్చాక చూద్దామన్నారు. ఆమె విని, పిల్ల తలకు నూనె రాసి, రెండు జడలు బిగించి అల్లింది.